నడుమ పోయింది

మా సార్ పోయారన్న కబురు ఆయన భార్య, మా ఆంటీయే ఫోన్ చేసి చెప్పింది. గొంతులో ఏడుపు లేదు. రోజూలాగే పొద్దున పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తోందట. జిల్లా పేజీ తిప్పి ఆయన వైపు చూస్తే మనిషి లేడట. "వింటున్నడనే అనుకున్న బిడ్డా. ఊకెనే సదువుకుంట పోయిన," అంది. వనస్థలిపురంలో మా ఇంటి మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. లోపలి నుంచి అమ్మ ఎవరే ఫోన్లో అని అడుగుతోంది.

దశదినం నాడు హాల్లో పెట్టిన ఫోటోలో ఆయన కెమెరా వైపు సూటిగా చూస్తున్నారు. ఏదో కార్డు కోసం ఎప్పుడో తీయించుకున్నదాన్ని పెద్దది చేయించి, దండ వేసి, ముందు దీపం పెట్టారు. వచ్చినవాళ్లంతా దణ్ణం పెడుతున్నారు. నాకు మాత్రం ఆ ఫోటోను చూస్తే ఒళ్లు మండింది. ఎవరీ మనిషి? మా సార్ దేన్నీ సూటిగా చూసి ఎరగరు. మీతో మాట్లాడుతున్నంతసేపూ మీ చెవి పక్కన ఇంకెవరో నిలబడినట్టు అటు చూస్తారు. కొత్తగా చేరినవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లు. పొగరని కొందరు, మెల్లకన్నని కొందరు చెవులు కొరుక్కునేవాళ్లు. అసలు సంగతి ఏమిటంటే, ఏళ్ల తరబడి చీకటి గదిలో పనిచేసి తెచ్చుకున్న అలవాటది.

మా సంస్థ ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక లోపలి సందులో ఉంటుంది. చిన్నది, పేరు చెప్పినా మీరు విని ఉండరు. దాని సెల్లార్లో ఉన్న మైక్రోస్కోపు గది ఆయన రాజ్యం. నేను అప్పుడు పీహెచ్‌డీకి కొత్తగా చేరాను. అక్కడ మేం చేసే పని ఏమిటో చెబితే మా అమ్మకి ఇప్పటికీ నమ్మకం కుదరదు. కణంలో డీఎన్‌ఏ తెగితే అతికించే ప్రోటీన్లుంటాయి. మామూలుగా ఎంత మంచి మైక్రోస్కోపు పెట్టినా అవి ఒక్కొక్కటిగా కనపడవు. అందుకని ఒక్కో ప్రోటీనుకీ ఒక రంగు అణువుని తగిలిస్తాం. లేజర్ వెలుగు వేస్తే ఆ రంగు అణువు మెరుస్తుంది. నల్లటి మైదానంలో ఒక చుక్క కనపడుతుంది. చుక్క ఎటు కదిలితే ప్రోటీను అటు కదిలినట్టు. పొదల్లో మేక కనపడకపోయినా మెడలో గంట వినపడుతుంది కదా, గిది గా గంట అనేవారాయన.

పుట్టింది పోచంపల్లి దగ్గర ఒక చేనేత ఊళ్లో. వాళ్ల నాన్న నూలుకి రంగులద్దేవాడు. తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకుని అదే దారిలో నిలదొక్కుకున్నాడు. ఈయన చదువులో పడ్డారు. "మా నాయిన రంగు పోవద్దని జిందగీ అంత కష్టపడ్డడు. నేను రంగు ఎప్పుడు పోతదా అని కూసుండి చూసే నౌకరి తెచ్చుకున్న," అని నవ్వేవారు. ఆ నవ్వు కూడా మన ముఖంలోకి కాకుండా పక్కకి పోయేది.

గది నియమాలు సవాలక్ష. గడియారాలు, ఫోన్లు బయట బుట్టలో పెట్టాలి. మెరిసే జరీ బట్టలు కట్టుకుని వస్తే లోపలికి రానివ్వరు. రంగు గొట్టాలన్నిటికీ వెండి కాగితం చుట్టాలి, ఎందుకంటే మామూలు ట్యూబులైటు కూడా వాటిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. అద్దం ముక్కల్ని క్షారంలో నానబెట్టి, కడిగి, మళ్లీ కడిగి, చివరికి మంట మీద కాల్చేవారు. అద్దం మీద దుమ్ము కణం కూడా లేజర్ పడితే మెరుస్తుంది, చూసేవాడు ప్రోటీను దొరికిందని ఎగిరి గంతేస్తాడు. బాటసింగారం పండ్ల మార్కెట్‌కి పోయే లారీలు హైవే మీద దడదడలాడితే కంప్యూటర్ తెర మీద చుక్కలన్నీ ఒక్కసారి వణికేవి. "బత్తాయిలు పోతున్నయి, ఆగున్రి," అనేవారు. బత్తాయిలో మామిడికాయలో ఆయనకేం తెలుసు, కానీ ఆ గదిలో ఆయన మాటకి ఎదురు చెప్పే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు.

రంగుల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆయనకి ఒక రకమైన పూనకం వచ్చేది. మనుషుల గురించి చెప్పినట్టే చెప్పేవారు. ఈ ఎర్ర రంగుకి కోపం ఎక్కువ, గాలి తగిలితే చాలు చస్తది. ఆ పచ్చది నిమ్మళస్తురాలు, కానీ అద్దానికి అంటుకుని కదలదు. ప్రతి రంగు అణువుకీ ఇంత వెలుగని రాసిపెట్టి ఉంటుంది. అది ఇచ్చేశాక ఆరిపోతుంది, మళ్లీ వెలగదు. లేజర్ పెంచితే బాగా కనపడుతుంది, తొందరగా పోతుంది. తగ్గిస్తే ఎక్కువసేపు ఉంటుంది, కనపడదు. దాన్ని చంపేది ముఖ్యంగా నీళ్లలో కరిగిన ఆక్సిజన్. అందుకని చక్కెర వేసి, ఆ చక్కెరతో పాటు ఆక్సిజన్ని కూడా తినేసే ఎంజైము కలుపుతాం. అప్పుడు ఇంకో తంటా. ఆక్సిజన్ లేకపోతే రంగు చావదు గానీ మధ్యమధ్యలో మూర్ఛపోతుంది. చుక్క ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. ఆ మూర్ఛని చూసి ప్రోటీను ఏదో ఘనకార్యం చేస్తోందని సైన్సు పేపర్లు రాసినవాళ్లున్నారని చెప్పి తల పట్టుకునేవారు. అందుకే ఆయన దగ్గర ఒక చట్టం ఉండేది. ఏది కొత్తగా కనపడినా ముందు ఖాళీది చూడాలి. ప్రోటీను లేకుండా, రంగు మాత్రమే వేసి చూడాలి. తర్వాత రంగు కూడా లేకుండా చూడాలి. ఖాళీదాంట్లో కూడా అదే కనపడితే నోరు మూసుకుని ఇంటికి పోవాలి.

ఒక అణువా, గుంపా అన్నది ఎలా తెలుస్తుందని మొదటి వారంలో అడిగాను. ఆయన తెర వెనక నుంచే జవాబు చెప్పారు. "మెల్లమెల్లగ సల్లారుతున్నదంటే అది గుంపు. ఒకటి పోతది, ఇంకోటి పోతది, నీకు తగ్గినట్టు కొడతది. ఒక్కటే ఉన్నదనుకో, చివరి దాక అదే వెలుగు. జర గూడ తగ్గది. పోయినప్పుడు ఒక్కసారే పోతది."

ఇక చూపు సంగతి. ఇప్పుడు అందరూ కెమెరాలో చూస్తారు. ఆయన పాతకాలం మనిషి. ముందు కంటితో చూడందే కెమెరా ఆన్ చేయనిచ్చేవారు కాదు. చీకట్లో చాలాసేపు కూర్చుని, కళ్లు అలవాటుపడ్డాక, కుడి కన్ను మైక్రోస్కోపు పైనున్న కంటిగొట్టానికి ఆనించేవారు. ఎడమ కన్ను మూసేసేవారు. లేజర్ వెలుగు కంటికి రాకుండా మధ్యలో ఫిల్టరు ఉంటుంది, రంగు మెరుపు మాత్రమే పైకి వస్తుంది. మసక వెలుగులో మన కంటికి నట్టనడుమ చూపు సరిగ్గా ఆనదు. అది అందరికీ అంతే. చీకట్లో చిన్న చుక్కని సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకి చూస్తే కనపడుతుంది. "దాని దిక్కు చూడకు, దాని పక్కకు చూడు," అని నాకు నేర్పింది ఆయనే. అలా చూసీ చూసీ వెలుగులో కూడా మనుషుల్ని పక్కకే చూసేవారు.

ఒక వానాకాలం ఆయన కొత్త పాట ఎత్తుకున్నారు. కంటిగొట్టం దగ్గర నుంచి తల ఎత్తి, "నడుమ పోయింది," అనేవారు.

మొదట్లో మాకేం అనుమానం రాలేదు. లేజర్ వెలుగు మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉంటుంది. మధ్యలో ఉన్న రంగు అణువులు ముందు ఆరిపోవడం మామూలే. అద్దాన్ని కొంచెం జరిపి కొత్త చోటు చూస్తే సరిపోతుంది. జరిపాం. "ఇక్కడ గూడ పోయింది." ఇంకో చోటికి జరిపాం. అక్కడా అంతే. లేజర్ తగ్గించమన్నారు. తగ్గించాం. రంగు పాడైందన్నారు. కొత్త రంగు తెప్పించాం. ఎంజైము చచ్చిందన్నారు. కొత్త ఎంజైము కలిపాం. గొట్టాలకి వెండి కాగితం సరిగ్గా చుట్టలేదని నా మీద ఒంటికాలి మీద లేచారు. నేనేమీ నోరు లేనిదాన్ని కాదు, చుట్టానని గట్టిగానే చెప్పాను. మూడో రోజుకి గొట్టాలు చేతికిస్తే తనే చుట్టుకోవడం మొదలుపెట్టారు.

భయం వేసిన సంగతి ఏమిటంటే, కెమెరాలో నడుమ బాగానే ఉంది. తెర నిండా చుక్కలే. ఆయన రెండు కళ్లతో తెర చూసి, ఉన్నాయని ఒప్పుకునేవారు. ఒప్పుకుని, దానికి ఒక కారణం చెప్పేవారు. కెమెరా చాలాసేపటి వెలుగుని కూడబెట్టి చూపిస్తుంది, కంటికి ఆ వీలు లేదు, కాబట్టి కన్నే నిజం చెబుతోంది అనేవారు. మర్నాడు ఇంకో కారణం. కంటిగొట్టానికి వెలుగు పంపే అద్దం మీద మచ్చ పడిందని దాన్ని ఊడదీశారు. తుడిచి బిగించి మళ్లీ కన్ను ఆనించారు. తెర పక్కనుంచి ఆయన్ని చూస్తున్నాను. గింజ కోసం కోడి తల తిప్పినట్టు, గొట్టం మీద తలని అటూ ఇటూ తిప్పుతున్నారు. "నడుమ పోయింది," అన్నారు. ఈసారి మాతో అన్నట్టు లేదు.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే ల్యాబులో రంగు సరిగ్గా పనిచేయడం లేదని చెప్పాను. అప్పటికే నా మనసుకి తెలిసిపోయింది. రంగులో లోపం లేదు. అయితే ఆ మాట ఆయనకి ఎలా చెప్పడం? కారణం చెబితే దానికి ఎదురుకారణం పుట్టించే మనిషి. ఎవరో డాక్టరు మాటైతే అసలు వినడు. ఆయన వినేది ఒక్కటే, ఖాళీది.

మర్నాడు పొద్దున ఆయన రాకముందే వెళ్లి లేజర్ ఆపేశాను. రంగు లేని, ప్రోటీను లేని శుభ్రమైన అద్దం ముక్క పెట్టాను. పైనుంచి మామూలు తెల్ల దీపం వేశాను. అంత వెలుగులో ఎవరి కంటికైనా నట్టనడుమ చూపే అన్నిటికన్నా బాగా ఆనాలి. చీకట్లో నడుమ మసకేనన్న వంక అక్కడ చెల్లదు. గొట్టంలో చూస్తే పాలు పోసినట్టు గుండ్రటి తెల్లటి వెలుగు, అంతే. ఆయన వచ్చారు. ఒకసారి ఇది చూడండి సార్ అన్నాను. అలవాటుగా కుడి కన్ను ఆనించారు.

"ఏం పెట్టినవ్? నడుమ మొత్తం పోయింది గదా," అన్నారు.

"ఏమీ పెట్టలేదు సార్. ఖాళీ అద్దం. లేజర్ కూడా వేయలేదు."

ఆయన తల ఎత్తలేదు. గొట్టానికి కన్ను ఆనించే ఉన్నారు. హైవే మీద లారీ పోయింది, ఆ గది నేల కొద్దిగా అదిరింది. కాసేపటికి ఆయన మెల్లగా జరిగి ఎడమ కన్ను ఆనించారు. మళ్లీ కుడి కన్ను. మళ్లీ ఎడమ. ఏ ప్రయోగాన్నీ ఒకసారితో నమ్మే మనిషి కాదు. చివరికి స్టూలు మీద వెనక్కి వాలి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, మెట్లెక్కి పోయే ఒక కంటి దవాఖానకి ఆయన్ని ఆంటీ, నేను తీసుకెళ్లాం. కంటి వెనక పొర ఫోటో తీయాలన్నారు. దానికి చేతి నరంలోకి ఒక రంగు ఎక్కిస్తారట. నర్సు సీసా తెస్తే సార్ ముఖంలో ఆ నెలలో మొదటిసారి వెలుగు కనిపించింది. "గిది మా రంగులల్ల అందరికన్న ముసల్ది. తొందరగ ఆరిపోతదని మేం వాడం," అని డాక్టరుకి పాఠం మొదలుపెట్టారు. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. మాకు కొన్ని నిమిషాలు ఉంటే చాలు సార్ అని నవ్వాడు.

రంగు ఎక్కాక సార్ ఒళ్లంతా పచ్చబడింది. బయటికి వస్తే ఆంటీ ఎగాదిగా చూసి, పెండ్లినాడు గూడ గింత పసుపు పుయ్యలేదయ్య నీకు అంది. వరండాలో కూర్చున్నవాళ్లు నవ్వారు. సార్ కూడా నవ్వారు. ఆ తర్వాత లోపలికి పిలిచి ఫోటోలు చూపించారు. నల్లటి మైదానంలో తెల్లటి రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా ఉన్నాయి. నడుమ ఒక మరక ఉంది. ఒక్కో ఫోటో జరుపుతుంటే ఆ మరక వెడల్పవుతోంది, అంచులు కరిగిపోతున్నాయి. డాక్టరు నోరు తెరవకముందే సార్ అన్నారు, "కారుతున్నది గదా డాక్టర్?"

అవునన్నాడు డాక్టరు. కారడం మొదలై చాలాకాలమైందన్నాడు. దానికింద గాయం కట్టిన మచ్చ ఏర్పడుతోంది. మొదట్లోనే వచ్చి ఉంటే చాలావరకు నిలిచేది, ఇప్పుడు కంట్లోకి మందు సూది వేస్తే వ్యాపించకుండా ఆగుతుంది గానీ పోయింది తిరిగి రాదు. లేజర్ వల్లనా అని సార్ పదేపదే అడిగారు. వయసు వల్ల కావచ్చు, బీపీ వల్ల కావచ్చు, ఇదీ అని చెప్పలేనన్నాడు. కారణం లేని జవాబు సార్‌కి మింగుడు పడలేదు. అప్పుడు డాక్టరు కుర్చీ ముందుకి లాక్కుని, మా ముగ్గురికీ వినపడేలా ఒక మాట చెప్పాడు. ఎడమ కంటికి కూడా ఇలా రావచ్చు. రోజూ కుడి కన్ను మూసుకుని ఇంట్లో గచ్చు బండల గళ్లు చూడండి. గీత వంకరపోయినా, ఏదైనా మాయమైనా, ఆ రోజే రండి. మర్నాడు కాదు, ఆ రోజే.

సూది వేసే గదిలోకి ఆయన్ని ఒక్కరినే తీసుకెళ్లారు. తెలివిలో ఉండగానే, కన్ను తెరిచి పట్టుకుని, తెల్లగుడ్డులోకి గుచ్చుతారు. నొప్పి పెద్దగా ఉండదని అందరూ చెప్పారు. బయటికి వచ్చిన మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆంటీ భుజం పట్టుకుని మెట్లు దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నారు. ఆ సూదులు ఇంకా కొన్నిసార్లు వేయించుకోవాల్సి వచ్చింది. దేనికీ నన్ను మళ్లీ రమ్మనలేదు.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఏదో మర్చిపోయి సెల్లార్‌లోకి వెళ్లాను. తలుపు పైన ఎర్ర బల్బు వెలుగుతోంది. నల్ల తెర తీసి చూస్తే సార్ ఒక్కరే చీకట్లో కూర్చుని గొట్టానికి కన్ను ఆనించి ఉన్నారు. ఎడమ కన్ను.

ఏం చేస్తున్నారు సార్ అని అరిచినట్టే అడిగాను. చూసుకుంటున్నానన్నారు, తాపీగా. డాక్టరు గచ్చు గళ్లు చూడమన్నాడు కదా అన్నాను.

"గచ్చు నమ్మరాదు బిడ్డా. తెలిసినదాన్ని బుర్రనే నింపుకుంటది. గళ్లు లేకున్న ఉన్నట్టు చూపెడతది. ఈ చుక్కలు ఎక్కడ పడతయో ఎవనికి ఎర్క? లేనిది బుర్ర పుట్టియ్యలేదు. ఇవి కనపడ్డయంటే కన్ను ఉన్నట్టు."

ఆ వాదనలో తప్పు పట్టడానికి వీల్లేదు, అదే నా భయం. రోజూ అక్కడికి దిగి, ఉన్న ఒక్క మంచి కన్నునీ లేజర్ దారిలో పెట్టి, ఉందా లేదా అని చూసుకుంటున్నారు. ఆ ఫిల్టరు ఒక్కరోజు సరిగ్గా కూర్చోకపోతే? బతిమాలాను, తిట్టాను, చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఫిల్టర్ ఉన్నది పో అన్నారు. సాయంత్రం అందరూ వెళ్లాక కంటిగొట్టాలు రెండూ విప్పేసి, ఆ చోట మూత బిగించి, వాటిని నా లంచ్ బ్యాగులో వేసుకుని వనస్థలిపురం బస్సెక్కాను. దొంగతనమంటే దొంగతనమే. నాకు ఇప్పటికీ చింత లేదు.

మర్నాడు ఆయన గది అంతా వెతికారు. ఎవరు తీశారో తెలియక కాదు. నన్ను పిలిచి చెయ్యి చాచారు. ఇవ్వనన్నాను. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. అక్కడి నుంచి చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నా చుక్కల ఫలితాలు వేరేవాళ్ల చేత తెప్పించుకుని చూసేవారు, తప్పులు వేరేవాళ్ల చేత చెప్పించేవారు. చివరికి ఒకరోజు నేను ఖాళీది చూడకుండానే ఏదో తేల్చేశానని తెలిసి ఉండబట్టలేక తనే వచ్చి చీవాట్లు పెట్టారు. ఆ చీవాట్లకి నాకెంత హాయి అనిపించిందో చెప్పలేను.

ఆయన రిటైరయ్యాక నేను అప్పుడప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఎప్పుడు వెళ్లినా ఎడమ కన్ను ఎలా ఉందని అడిగేదాన్ని. మంచిగున్నది అనేవారు. ఆంటీ కూడా అదే మాట చెప్పేది, ఆయన చెప్పిందే ఆమెకి తెలిసేది. రోజూ గచ్చు చూస్తున్నారా అంటే చూస్తున్న అనేవారు.

ఉగాది దాటిన కొత్తలో ఒక సాయంత్రం వెళ్లాను. ఆంటీ వంటింట్లో మిర్చి బజ్జీలు వేస్తోంది. హాల్లో మేమిద్దరమే. ఆయన నా చెవి పక్కకి చూస్తూ ల్యాబు కబుర్లు అడుగుతున్నారు. కొత్త ఎర్ర రంగు ఒకటొచ్చింది, అది మునుపటి వాటిలా మూర్ఛపోదని చెబితే నమ్మలేదు. ఖాళీది చూసినవా అన్నారు. అంతా ఎప్పటిలాగే ఉంది. నాకేమీ తేడా కనపడలేదు. ఆ మనిషి ఎప్పుడు సూటిగా చూశారని ఇప్పుడు తేడా తెలియడానికి?

ఉన్నట్టుండి వంటింటి వైపు చెవి పెట్టి విని, గొంతు తగ్గించారు. కుడి అరచేత్తో కుడి కన్ను మూసుకున్నారు.

"బిడ్డా, ఒక మాట అడుగుత. ఎదురుంగ గోడకు క్యాలెండర్ ఉన్నది గదా."

"ఉంది సార్."

"దాంట్ల తేదీలు అచ్చు వేసిన్రా? తమ్ముడు ఈసారి కొత్త ప్రెస్సుల చేపిచ్చిండట. సిరా సక్కగ దిగలేదేమో అనుకుంటున్న."

తిరిగి చూశాను. వాళ్ల తమ్ముడి చీరల దుకాణం పంచిన క్యాలెండరు. పైన లక్ష్మీదేవి, కింద దుకాణం పేరు, మధ్యలో గది అవతలి గోడ నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అంకెలు, ఆదివారాలు ఎర్రగా, మిగిలినవి నల్లగా. ఆయన నా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. నేను లేవని చెప్పాలని ఆయన కోరిక. ఆ ఒక్క మాటతో ఆయన ఇంకొన్నాళ్లు హాయిగా ఉంటారు.

"వేశారు సార్. బాగా కనపడుతున్నాయి."

"నడుమ గూడ?"

"నడుమ కూడా ఉన్నాయి సార్. అన్నీ ఉన్నాయి."

ఆయన అరచెయ్యి దించలేదు. వంటింట్లో నూనె చిటపటలు, కాలనీలో ఎవరి ఇంట్లోనో టీవీ. దవాఖానకి పోదాం సార్ అనబోయాను. నా అవసరం లేకపోయింది. ఆయనే గొంతు పెంచి పిలిచారు.

"ఏమే, గా స్టవ్ బంద్ చెయ్. కండ్ల దవాఖానకు పోవాలె."

ఆంటీ గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. కన్ను మూసుకున్న ఆయన చేతిని చూసింది, నా ముఖం చూసింది.

"ఎప్పటి సంది?" అని అడిగింది.

"దసర సంది."

"దసర సంది చెప్పలేదా నాకు?"

"ఆ సూది యాదికొచ్చింది," అన్నారాయన. "భయమైంది."

ఆంటీ లోపలికి వెళ్లి స్టవ్ ఆపేసి, ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది.